గాజు గొట్టంలో నీళ్ళు

ఫైర్‌మన్ అంకుల్ పోయారని ఆయన కూతురు మంగళవారం పొద్దున మెసేజ్ పెట్టింది. రెడ్‌మండ్‌లో ఆఫీస్ పార్కింగ్‌లో ఉన్నాను. కార్ దిగలేక అలాగే కూర్చుండిపోయాను. ఆయన బతికుండగా నేను చెప్పాల్సిన నిజం ఒకటి చెప్పకుండానే మిగిలిపోయింది.

ఆయన ఒకప్పుడు బిట్రగుంట రైల్వే షెడ్‌లో ఆవిరి ఇంజన్లకు బొగ్గు వేసిన ఫైర్‌మన్. అమెరికాలో కూతురి దగ్గరికి వచ్చాక, గంట దూరంలో కొండల మధ్య ఒక చిన్న రైల్వే లైన్ ఉందని తెలిసి శనివారాలు అక్కడ వాలంటీర్‌గా చేరారు. ఆయనకి కార్ నడపడం రాదు కాబట్టి నేను తీసుకెళ్ళేదాన్ని. ఊరికే దింపి వద్దామనుకున్న నాకు రెండు నెలల్లోనే గోళ్ళ కింద మసి చేరింది.

అక్కడున్నది ఒకటే ఇంజన్. ఆయనకది ‘ముసల్ది’.

“పెద్ద లైన్ల మీద దర్జాగా తిరిగిన బండి కాదమ్మా ఇది. దుంగలు లాగింది, క్వారీలో రాళ్ళు లాగింది. ఒకళ్ళు మూసేస్తే ఇంకొకళ్ళు కొనుక్కున్నారు. ఒక్కళ్ళూ మెచ్చుకున్న పాపాన పోలేదు,” అనేవారు, చక్రం అరిగిన చోట వేలు పెట్టి చూపిస్తూ. ఇప్పుడది పిల్లల్ని కొండ దాకా తిప్పి తెస్తుంది. దాని మెట్టు తాకి కళ్ళకద్దుకోకుండా ఆయన ఏనాడూ పైకెక్కలేదు.

ఆయనకి ఒకటే పట్టుదల. బాయిలర్‌లో నీళ్ళెంతున్నాయో చూపించే గాజు గొట్టం ఒకటుంటుంది. నిప్పు పెట్టేముందు దాని కిందున్న చిన్న కుళాయి తిప్పాలి. గొట్టంలో నీళ్ళు దిగిపోయి, మళ్ళీ పైకి రావాలి.

“కనిపించే నీళ్ళని నమ్మొద్దు. పోయి మళ్ళీ వస్తే అప్పుడు నమ్ము.”

రెండేళ్ళ కిందట ఒక శనివారం, ఆయన కింద ఆయిల్ పోస్తుండగా నేను నిప్పు రాజేశాను. గొట్టంలో నీళ్ళు సగం దాకా కనిపించాయి కదా అని కుళాయి తిప్పలేదు. ఆయన పైకొచ్చి తిప్పారు. నీళ్ళు దిగిపోయాయి, మళ్ళీ రాలేదు. గొట్టంలోకి నీళ్ళొచ్చే దారి పూడుకుపోయింది. లోపల అసలు నీళ్ళున్నాయో లేదో తెలియదు; లేకుండా నిప్పు మండితే బాయిలర్ పేలిపోవచ్చు. ఆయన నిప్పంతా బయటికి లాగేశారు. ట్రిప్ క్యాన్సిల్ అయింది.

నిప్పు ఎవరు పెట్టారని ఆ లైన్ నడిపే సూపరింటెండెంట్ అడిగాడు.

“నేనే. చూడటం మర్చిపోయాను,” అన్నారు అంకుల్ తన నిదానమైన ఇంగ్లిష్‌లో.

వయసైపోయిందని ఆ రోజు నుంచి ఆయన్ని ఇంజన్ ఎక్కనివ్వలేదు. నేను నోరు తెరవలేదు. తిరిగొచ్చేటప్పుడు కార్‌లో ఏడుస్తుంటే, “నువ్వింక జన్మలో ఆ కుళాయి మర్చిపోవు. చాల్లేమ్మా, రోడ్డు చూసి నడుపు,” అన్నారు.

ఆ తర్వాత రెండు వేసవులు ఆయన ప్లాట్‌ఫామ్ బెంచీ మీద కూర్చుని టికెట్లు చూశారు. పైన నేను బొగ్గు వేశాను. బండి కదిలిన ప్రతిసారీ ఆయన చక్రాల వంకే చూస్తుండేవారు. ఈ వారం చెప్పేద్దాం అని ప్రతి వారం అనుకునేదాన్ని. పిరికిదాన్ని.

మొన్న శనివారం అందరూ ఆయన్ని తలచుకోవడానికి చేరినప్పుడు చెప్పేశాను. “రెండేళ్ళు ఆయన్ని కిందే కూర్చోబెట్టాను,” అన్నాడు సూపరింటెండెంట్. ఇకమీదట నన్ను ఎక్కనివ్వొద్దన్నాను. “అది తర్వాత చూద్దాం. ఇవాళ ఆయన కోసం నిప్పు నువ్వే పెట్టు,” అన్నాడు.

మెట్టు తాకి కళ్ళకద్దుకుని ఎక్కాను. కుళాయి తిప్పాను. గాజు ఖాళీ అయింది. దాన్నే చూస్తూ నిలబడ్డాను. నీళ్ళు పైకొచ్చాయి.

అలవాటుకొద్దీ వెనక్కి తిరిగి, “వచ్చాయి అంకుల్,” అన్నాను.