మే నెల సగటు

2004లో నేను రేణిగుంట విమానాశ్రయంలో వాతావరణ శాఖ పరిశీలకుడిగా పనిచేస్తున్నాను. నా ఉద్యోగం ఏమిటో ఇంట్లోవాళ్ళకు కూడా సరిగ్గా వివరించలేకపోయాను. వాన వస్తుందంటాడు, రాదు అని మా మామ పదిమందిలో నన్ను ఆటపట్టించేవాడు. నిజానికి నా పని చెప్పడం కాదు, చూసి రాయడం. రన్‌వేకి కొంత దూరంలో నాలుగు కాళ్ళ మీద నిలబెట్టిన తెల్లటి చెక్కపెట్టె ఉంటుంది, అందులో థర్మామీటర్లు. గంటకోసారి వెళ్ళి చూసి, గాలి, ఎండ, మబ్బు రాసి పైలట్లకు అందేలా పంపాలి.

పైలట్‌కి ఎండతో పనేమిటి అని చాలామంది అడుగుతారు. గాలి వేడెక్కితే పలచబడుతుంది. పలచటి గాలిలో విమానం లేవాలంటే ఇంకా ఎక్కువ దూరం పరుగెత్తాలి. రన్‌వే ఎండాకాలం వచ్చిందని పెరగదు కాబట్టి బరువు తగ్గించుకోవాలి. దీన్ని లోడ్ పెనాల్టీ అంటారు. ముందు సరుకు దించుతారు, ఆ తర్వాత పెట్టెలు, అప్పటికీ చాలకపోతే మనుషుల్ని.

ఆ ఏడాది మొదట్లో ఒక ప్రైవేటు విమాన కంపెనీ నుంచి మాకు ఉత్తరం వచ్చింది. అప్పటిదాకా వాళ్ళు మా దగ్గర నుంచి హైదరాబాదుకు రెక్కలకు పంకాలు తిరిగే విమానం నడిపేవాళ్ళు. ఇక కొత్త జెట్లు కొంటారట. మే నెల మీన్ టెంపరేచర్ ఎంతో రాసి పంపమని అడిగారు. మీన్ అంటే సగటు. పగటి వేడినీ రాత్రి చల్లదనాన్నీ కలిపి రెండుగా భాగిస్తే వచ్చే అంకె. మీన్ మాగ్జిమమ్ అని ఇంకొకటి ఉంది. అది పగటి గరిష్ఠాల సగటు మాత్రమే. విమానాల లెక్కకు కావలసింది ఈ రెండోది. మా రేణిగుంటలో మొదటిది ముప్ఫై నాలుగు దగ్గర ఆగుతుంది, రెండోది నలభై దాటుతుంది. ఉత్తరంలో ఉన్నది మొదటి మాట. ఆ అంకే టైపు చేయించి, సంతకం పెట్టి, ముద్ర వేసి పంపాను.

నెల తిరక్కుండా ఆ కంపెనీ పైలట్లు ముగ్గురు దిగారు. మార్గం చూసి, ఏ జెట్ కొనాలో తమ అభిప్రాయం రాసివ్వాలట. బయలుదేరే ముందు పైలట్లు వాతావరణం తెలుసుకునే గది మా ఆఫీసులోనే ఉండేది. అక్కడే కూర్చుని వాదించుకున్నారు. నేను టీ తెప్పించి, ఒక మూల నా రిజిస్టరు ముందు కూర్చున్నాను.

ముగ్గురిలో పెద్ద హోదా ఉన్నాయన పెద్ద జెట్ కొనాలన్నాడు. ఆయన మాటలు తీసిపారేయాల్సినవేమీ కావు. కంపెనీ అంతటా ఒకే రకం విమానం ఉంటే పైలట్లకు శిక్షణ ఒకటే, విడిభాగాలు ఒకటే, ఒక విమానం చెడితే ఇంకోటి పంపవచ్చు. రెండోవాడు కుర్రపైలట్, పెద్దాయన ఏమంటే దానికి తలూపాడు. మూడో ఆయన కెప్టెన్ మునిరత్నం, పుత్తూరు మనిషి. ఈ రన్‌వే మీద వందలసార్లు దిగి లేచినవాడు. ఇక్కడికి చిన్న జెట్టే సరి అని పట్టుబట్టాడు. సీట్లు తక్కువైనా, ఎంత ఎండలోనైనా నిండుగా లేస్తుందని ఆయన వాదం.

"మధ్యాన్నం రెండున్నరకి మన సర్వీసు. మేలో ఆ టైముకి ఈడ రన్‌వే పెనం మాదిరి కాలిపోతా ఉంటాది సార్. పెద్దదాన్ని నిండా ఎక్కించుకుని లేపలేం," అన్నాడు మునిరత్నం.

పెద్దాయన ఫైలులోంచి నా కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. మీ ఊరి సంగతి మీకు తెలుసు, కానీ ఇది ప్రభుత్వ శాఖ ఇచ్చిన లెక్క, ముప్ఫై నాలుగుకు పెద్ద జెట్ నిండుగా లేస్తుంది, అన్నాడు. మునిరత్నం ఆ కాగితం చూసి, నా వైపు తిరిగాడు.

"ఇది మీ లెక్కేనా సార్?"

"మాదే," అన్నాను.

అంతకు మించి నోరు మెదపలేదు. ఇది రాత్రిని కూడా కలిపిన సగటు, మీకు కావలసింది వేరే అంకె, అని ఒక్క మాట అంటే సరిపోయేది. గుమస్తా బుద్ధి అడ్డొచ్చింది. అడిగింది ఇచ్చాను, అడగనిది చెప్పడానికి నేనెవరిని అనుకున్నాను. పెద్దాయన, కుర్రపైలట్ పెద్ద జెట్‌కు సంతకాలు పెట్టారు. మునిరత్నం పెట్టలేదు. రెండు సంతకాలు చాలన్నారు.

రెండేళ్ళకు పెద్ద జెట్ వచ్చింది. చలికాలమంతా దర్జాగా తిరిగింది. మే వచ్చేసరికి దాని అసలు రంగు బయటపడింది. మొదటి వారం సరుకు ఆగిపోయింది, రెండో వారం పెట్టెలు ఆగిపోయాయి. మూడో వారంలో ఒక మధ్యాహ్నం తెల్లపెట్టెలో నలభై మూడు చూసి రాశాను. ఆ రోజు విమానం నడపాల్సింది మునిరత్నమే.

ఆయన లెక్క చూసుకుని ఆరుగురు దిగాలన్నాడు. ఎండ తగ్గాక అయిదున్నరకు బయలుదేరతాను, అందర్నీ తీసుకుపోతాను అని కంపెనీని అడిగాడు. అదే విమానం ఇంకో రెండు ఊళ్ళకు పోవాలి, కుదరదన్నారు. నాకు ఫోన్ చేసి ఇంకోసారి చూడమన్నాడు. చూశాను. మళ్ళీ చూడమన్నాడు. మళ్ళీ చూశాను. అదే నలభై మూడు. ఒక డిగ్రీ తగ్గించి రాయమని ఆయన అడగలేదు, నేనూ రాయలేదు. అందరికంటే చివర టికెట్టు కొన్న ఆరుగురిని దించేశారు. పైలట్‌కి అందేది ఎంతమందిని దించారన్న లెక్కే, వాళ్ళెవరో తెలియదు.

విమానం లేచిన పది నిమిషాలకు ఒక పెద్దమనిషి మా గది తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. పేరు చెంగల్రాయుడు, పాకాల అవతల పల్లెలో మామిడి తోట. ఎందుకు దించారని అడిగితే, ఎండ ఎక్కువని వాతావరణ శాఖ వాళ్ళు రాశారు, వాళ్ళనే అడుక్కోండి అని కౌంటర్లో చెప్పారట. కంపెనీ అలా చేతులు దులుపుకుంది.

"ఎండ లెక్క రాసేది నువ్వేనా సామీ?"

నేనేనన్నాను.

"హైదరాబాద్‌లో నా చెల్లెలు సచ్చిపోయిందప్పా. రైలుకి పోతే రేప్పొద్దున కాని పోలేను. పొద్దుగుంకేలోపల ఎత్తేస్తారంట. ముఖమన్నా సూద్దామని పొద్దున్నే టికెట్టు కొనుక్కుని వచ్చినాను." బయట ఎండ వైపు చెయ్యి చూపించి అన్నాడు. "ఈ ఎండ మనకేమన్నా కొత్తా? ఏటా ఇంతే గదా. విమానం కొనేటోళ్ళకి తెల్దా?"

ఆయన్ని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను. నా తప్పు ఎవరికో ఒకరికి చెప్పుకోవాలనిపించింది. వాళ్ళు సగటు చూసి కొన్నారని, ఆ సగటులో పగలూ రాత్రీ కలిసి ఉంటాయని చెప్పాను.

"ఈ విమానం రేత్రి గూడా పోతాదా?"

"పోదు. మధ్యాహ్నం ఒక్కసారే."

"మరి రేత్రిని ఏంటికి కలిపినారు?"

ఆయన కండువాతో ముఖం తుడుచుకుని లేచాడు. సాయంత్రం రైలుకు తిరుపతి స్టేషన్‌కు నేనే నా స్కూటరు మీద దింపాను. చెల్లెలి ముఖం ఆయన చూడలేదు. వారం తర్వాత వాళ్ళ ఊరికి ఫోన్ చేసి కనుక్కున్నాను.

అప్పుడు కంపెనీకి ఉత్తరం రాశాను. మీరు అడిగిన అంకె వేరు, మీకు కావలసిన అంకె వేరు, అడగకపోయినా చెప్పకపోవడం నా తప్పు, అని రెండు అంకెలూ పక్కపక్కన వేసి పంపాను. జవాబు రావడానికి నెల పట్టింది. మీరిచ్చిన సమాచారంలో పొరపాటేమీ లేదు, మేము కోరినదే పంపారు, ధన్యవాదాలు, అని ఉంది. తిట్టి ఉంటే సరిపెట్టుకునేవాణ్ణి. ఆ ధన్యవాదాలకు ఒళ్ళు మండిపోయింది. మునిరత్నాన్ని ఆ మార్గం నుంచి తప్పించి ఈశాన్య రాష్ట్రాల మార్గాలకు వేశారని తర్వాత తెలిసింది. చిన్న జెట్ అన్నందుకా, ఆరుగురిని దించినందుకా అన్నది ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ, ఎవరు ఏ అంకె అడిగినా ముందు దేనికని అడిగాను. నీకెందుకన్న అధికారులున్నారు, విసుక్కున్న పైలట్లూ ఉన్నారు. అయినా అడిగాను. అడిగింది ఇవ్వడం ఉద్యోగమే గానీ, అంతటితో నిజం చెప్పినట్టు కాదని నాకు తెలియడానికి ఒక అన్న తన చెల్లెలి చివరిచూపు పోగొట్టుకోవలసి వచ్చింది. పాకాల రైతుకు ఒక్క నిమిషంలో తట్టిన ప్రశ్న ఆ రోజు ఆ గదిలో ఎవరికీ తట్టలేదని అనడానికి కూడా నాకు వీల్లేదు. నాకు తట్టింది. నేను అడగలేదు.