గ్లౌజులు ఒక్కరోజుకే

డిగ్రీలో ఎకనామిక్స్ చదివాను. ప్రపంచీకరణ అంటే ఏమిటో, అందులో ఆర్థిక, రాజకీయ, సాంస్కృతిక కోణాలేమిటో గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేదాన్ని. అది మనిషి చేతుల మీద ఎలా కనబడుతుందో మాత్రం రొయ్యలు ఒలిచే షెడ్డులో చేరాకే తెలిసింది.

గన్నవరం అవతల ఉండేది ఆ షెడ్డు. నాది ఆఫీసులో ఇంగ్లీషు మెయిల్స్ రాసే పని. లోపల ఆడవాళ్లు ఐసునీళ్లలో చేతులు పెట్టి, పొద్దస్తమానం నిలబడి రొయ్యలు ఒలిచేవారు. వేళ్ల సందులు నానిపోయి పగిలేవి. సముద్రపొడ్డు నుంచి వచ్చిన ఒక పెద్దావిడను నేను పిన్నీ అని పిలిచేదాన్ని. "కూరన్నం కలుపుకుంటే చేతులు భగ్గుమంటన్నాయమ్మా, చెంచాతో తింటన్నా" అంది ఓసారి.

ఒకరోజు, మా సరుకు కొనే విదేశీ కంపెనీ తరఫున ఒకావిడ షెడ్డు చూడటానికి వచ్చింది. ఆ ఉదయమే అందరికీ కొత్త గ్లౌజులు పంచారు, స్టూళ్లు వేశారు. మేనేజరు నన్ను పక్కకు పిలిచి, "లోపల ఆడవాళ్లేం చెప్పినా, ఆవిడకు ఇంగ్లీషులో అంతా బాగుందనే చెప్పండి మేడమ్" అన్నాడు.

ఆవిడ సరిగ్గా పిన్ని ముందే ఆగింది. గ్లౌజులు రోజూ ఇస్తారా అని అడిగింది. నేను తెలుగులో చెప్పాను. పిన్ని గ్లౌజులు లాగేసి చేతులు చాపింది.

"ఇయ్యాల పొద్దున్నే ఇచ్చారని చెప్పమ్మా. సాయంత్రం మళ్లీ తీసేసుకుంటారంట. ఈ స్టూళ్లూ ఇయ్యాలే చూశాం."

మేనేజరు గట్టిగా దగ్గాడు. అయినా ఒక్క ముక్క మింగకుండా ఇంగ్లీషులో చెప్పాను.

ఆవిడ వెళ్లగానే మేనేజరు నా మీద విరుచుకుపడ్డాడు. "ఆర్డరు పోతే ఇంతమంది రోడ్డున పడతారు, తెలుసా?"

"తెలుసండీ. నేనూ పడతాను. కానీ పిన్ని అన్నదే చెప్పాను."

నన్నూ పిన్నినీ రేపట్నుంచి రావద్దన్నాడు. ఆ మాట వినగానే లోపలివాళ్లంతా పని ఆపి చేతులు కట్టుకు నిలబడ్డారు. పిన్ని పనిలో ఉండాలి, గ్లౌజులు తిరిగివ్వం అన్నారు. బల్లల మీద ఐసు కరిగిపోతోంది. బయట లారీ ఆగి ఉంది. అరగంటకి మేనేజరు దిగొచ్చాడు.

ఆర్డరు పోలేదు. గ్లౌజులు నిలిచాయి. స్టూళ్లు మాత్రం మర్నాడే మాయమయ్యాయట. నన్ను మళ్లీ పిలవలేదు.

భవానీపురంలో ఇంకో ఉద్యోగానికి వెళ్తే, పాతది ఎందుకు మానేశారని అడిగారు.

"మానలేదండీ, తీసేశారు" అని, జరిగిందంతా మళ్లీ ఒక్క ముక్క మింగకుండా చెప్పాను.