మొగుళ్ళు లేని తూనీగలు

నేను బాపట్లలో జంతుశాస్త్రం చదివి డిగ్రీ పుచ్చుకున్నాను గానీ, తూనీగ గురించి నాకు తెలిసిందల్లా పరీక్షలో బొమ్మ గీసి భాగాలు గుర్తించడమే. మా పుస్తకంలో దాని పేరు నోరు తిరగనంత పొడుగ్గా ఉండేది, బొమ్మేమో నలుపూ తెలుపూ. మా పెరట్లో బట్టల తీగ మీద వాలే తూనీగకీ ఆ బొమ్మకీ చుట్టరికం ఉందని చదివినన్నాళ్ళూ నాకు తట్టలేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అనలేదు. ఆ చుట్టరికం కలిపినవారు మా మావయ్యగారు, మా ఆయన తండ్రి. ఆయన తెనాలిలో ఒక హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు.

తొంభైల మొదట్లో నేను పెళ్ళయి తెనాలి వచ్చాను. కొన్నాళ్ళకు భట్టిప్రోలు దగ్గర ఒక పల్లెటూరి హైస్కూల్లో సైన్సు టీచరుగా ఉద్యోగం దొరికింది. పొద్దున్నే రేపల్లె ప్యాసింజరు ఎక్కడం, సాయంత్రం దాంట్లోనే తిరిగి రావడం. వానాకాలం చివర్లో బండి వేమూరు దాటుతుంటే చేల మీద తూనీగలు కమ్ముకుని కనిపించేవి. ఒకరోజు ఇంటికొచ్చి ఆ మాట చెప్పాను. ఏ తూనీగలని మావయ్యగారు అడిగారు. తూనీగల్లో ఏ తూనీగలేంటి, తూనీగలే అన్నాను. ఆయన నన్ను జాలిగా చూశారు. సైన్సు టీచర్నన్న రోషం నాకు బాగానే ఉండేది కాబట్టి ఆ చూపు గుచ్చుకుంది. మర్నాడు సాయంత్రం ఆయన వెంట కాలవ గట్టుకు బయల్దేరాను.

అప్పట్నుంచీ అదొక అలవాటైపోయింది. మా అత్తయ్య టీ ఇచ్చేవరకు ఆగి, తాగగానే ఇద్దరం గట్టెక్కేవాళ్ళం. ఆయనకు పుస్తకాల్లోని పేర్లు తెలియవు, నాకు తెలిసినవి నోట్లో పట్టవు. అందుకని ఒక్కోదాని నడవడిని బట్టి ఆయనే పేరు పెట్టేవారు. ఎప్పుడు చూసినా గాల్లోనే ఉండి, ఎక్కడా కుదురుగా వాలని పసుపుపచ్చది తిరుగుబోతు. ఆకుపచ్చ ఒంటి మీద నల్ల పట్టీలతో ఉండి, సాటి తూనీగల్నే పట్టుకుని తినేది దాయాది. రేగడి మట్టి మీదా, దారి మీదా, ఒక్కోసారి మన చెప్పు పక్కనా కూలబడేది చతికిలది. వరి చేలల్లో నల్ల రెక్కలేసుకుని సీతాకోకలా మెల్లగా ఎగిరేది చేలదొర. చెరువు గట్టున రెల్లుపుల్ల చివర కూర్చుని వచ్చేపోయేవాళ్ళను తరిమేది కాపలాదారు. ఒళ్ళంతా మిరపపండు రంగులో ఉన్నదానికి మాత్రం ఆయన పేరు పెట్టలేదు. ఎర్రది అనేవారు, అంతే. అంత అందమైనదానికి పేరు అడ్డమట.

ఆయన దేన్నీ చంపనిచ్చేవారు కాదు. నేను వెనకనుంచి వెళ్ళి, నాలుగు రెక్కలూ వీపు మీదికి మడిచి వేళ్ళ మధ్య పట్టుకుని చూపించాలి. ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, ముక్కుకు ఆనేంత దగ్గరగా చూసి, చాలమ్మా వదిలెయ్ అనేవారు. అంత దగ్గరగా ఎందుకు చూస్తున్నారో చాలాకాలం నేను పట్టించుకోలేదు. మురిపెం అనుకున్నాను.

నిజానికి ఆయన రెండు కళ్ళలోనూ శుక్లాలు ఉన్నాయి. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. అయితే ఆ రోజుల్లో శుక్లం ముదిరితే గానీ ఆపరేషన్ చెయ్యరనేవారు. గుంటూరు డాక్టరు ఎప్పుడో ఒకసారి ఇంకా ముదరలేదు, ఆగండి అన్నారు. ఆ మాట మావయ్యగారికి వరమైపోయింది. ఎవరు అడిగినా, ముదరలేదండి, ముదిరాక చూద్దాం అనేవారు. అదేదో గడ్డిలో మాగేసిన మామిడికాయ అయినట్టు. అసలు కారణం అత్తయ్య నాకు వంటింట్లో చెప్పింది. ఆయన అన్నగారికి ఇలాగే ఆపరేషన్ చేస్తే కన్ను పోయిందట. ఈయన బతుకంతా రంగులతోనే. మా చర్చిలో క్రిస్మస్ నక్షత్రం దగ్గర్నుంచి గోడ మీద వాక్యం దాకా ఆయన చేత్తో వేసినవే. ఆ చూపు కాస్తా పోతే ఈ మనిషి మిగలడమ్మా అని అత్తయ్య కళ్ళొత్తుకుంది. అప్పట్నుంచి నేను కూడా ఆపరేషన్ మాట ఎత్తడం మానేశాను.

ఆ క్రిస్మస్ అయ్యాక, మా బడి గోడకు తూనీగల చార్టు ఒకటి వేసివ్వండి మావయ్యా అని అడిగాను. ఆయన మొహం వెలిగిపోయింది. డ్రాయింగు షీటు తెప్పించుకుని వరండాలో పీట వేసుకుని కూర్చున్నారు. గీత మాత్రం అద్భుతం. రెక్కల్లో ఈనెలు కూడా ఆ ముసలి చెయ్యి వణక్కుండా గీసింది. ఆరు తూనీగలూ కాగితం మీంచి లేచిపోయేట్టున్నాయి. పూర్తయ్యాక నన్ను పిలిచి చూపించారు. బావుందా అని అడిగారు.

ఎర్రది ఎర్రగానే ఉంది. తిరుగుబోతూ, పట్టీలు పెన్సిలుతోనే నల్లగా దిద్దిన దాయాదీ బాగానే ఉన్నాయి. కానీ మన కాలవ గట్ల మీద లేత నీలంగా మెరిసే చతికిలది, చార్టులో మట్టి రంగులో ఉంది. నీలి ఒంటి కాపలాదారుదీ అదే మట్టి రంగు. చేలదొర నల్ల రెక్కలు పసుపు కలిసిన గోధుమ రంగులోకి వచ్చాయి. చాలా బావుందండీ మావయ్యా అని, పక్కనున్న రంగుల పెట్టె వైపు చూశాను.

పెట్టె చూశాక అర్థమైంది. మా అత్తయ్యకు శుభ్రం పిచ్చి. క్రిస్మస్‌కి ఇంట్లో కదిలేదీ కదలనిదీ అన్నీ కడిగేస్తుంది. రంగుల పెట్టెను కూడా బిళ్ళలు తీసి, డబ్బా తోమి, ఆరబెట్టి, ఆ బిళ్ళల్ని తనకు తోచిన వరసలో మళ్ళీ పెట్టింది. మావయ్యగారు ఏళ్ళ తరబడి అలవాటైన చోట్లలోనే కుంచె ముంచారు. నీలం ఉండాల్సిన చోట మట్టి రంగుంది. నలుపు ఉండాల్సిన చోట గోధుమ రంగుంది. ఆయనకు ఆ తేడా తెలియలేదు. అంటే ఆయన ఎన్నాళ్ళనుంచో రంగు చూసి వెయ్యడం లేదు, చోటు చూసి వేస్తున్నారు. ఆ సంగతి ఆయనకే తెలియదు. అత్తయ్యకు చెబితే తనే తప్పు చేశానని కుమిలిపోతుంది, మావయ్యగారికి చెబితే మళ్ళీ కుంచె పట్టరు. ఎవరికీ చెప్పకుండా చార్టు చుట్టుకుని బండెక్కేశాను.

బండిలో కూర్చున్నాక ఉపాయం తట్టింది. ఈ మూడు రకాల్లోనూ మగదానికే సోకులు. ఆడవి మట్టి రంగులోనో, పసుపు, గోధుమ రంగుల్లోనో ఉంటాయి. బడికి వెళ్ళగానే చిన్న చిన్న కాగితం ముక్కల మీద ‘ఆడది’ అని రాసి, తుమ్మబంకతో ఆ మూడు బొమ్మల కింద అంటించేశాను. ఇక చార్టులో వంకపెట్టడానికి ఏమీ లేదు. శాస్త్రమూ దక్కింది, మావయ్యగారి పరువూ దక్కింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ మురిపెం ఒక పూటే. పల్లెటూరి పిల్లల దగ్గర తూనీగల విషయంలో ఆటలు సాగుతాయా? ఏడో తరగతిలో ఒక పిల్ల లేచి నిలబడింది.

“టీచర్, ఎర్ర మగదుందండి. మరి ఈ మూడింటి మొగుళ్ళేరండి?”

క్లాసంతా నవ్వింది. పొలం పనికి వెళ్ళారు, వస్తారులే అని నేను కూడా నవ్వేశాను. కానీ ఆ పిల్ల వదిలే రకం కాదు. కనిపించినప్పుడల్లా, మొగుళ్ళింకా రాలేదా టీచర్ అని అడిగేది.

ఒకరోజు సాయంత్రం బండి దిగబోతుంటే కిటికీ చట్రంలో ఒక చతికిలది ఇరుక్కుని చచ్చిపోయి కనిపించింది. నిఖార్సైన నీలం మగది. ఏం ఆలోచించకుండా రుమాల్లో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. మావయ్యగారు వరండాలో ఉన్నారు. అరచేతిలో పెట్టాను. ఆయన దాన్ని ఎండ వైపు తిప్పి, ముక్కుదాకా తెచ్చుకుని, అటూ ఇటూ చూశారు.

“చతికిలదేనమ్మా. ఆడది కదూ?” అన్నారు.

నేను నోరు తెరిచేలోపే, బియ్యం ఏరుకుంటున్న అత్తయ్య చేట పక్కన పెట్టి వచ్చి వంగి చూసింది. పాపం ఆమెకు చార్టు గొడవ తెలియదు, రంగుల పెట్టె గొడవ తెలియదు. ఆడదేంటండీ, అంత నీలంగా ఉంటేనూ, మన చర్చి తలుపుల రంగు అంది.

మావయ్యగారు ఆ తూనీగను చాలాసేపు అరచేతిలోనే పెట్టుకుని కూర్చున్నారు. తర్వాత దాన్ని తులసి కుండీ లాంటి మా బంతి కుండీలో, మొక్క మొదట్లో జాగ్రత్తగా పెట్టారు. నేను టీ తెస్తే గ్లాసు అందుకుంటూ, మామూలు మాటలాగా అడిగారు.

“అమ్మాయ్, చార్టులో దానికి ఏ రంగేశాను?”

“బాగానే వేశారండీ మావయ్యా.”

“నిన్ను అడగడం నాదే బుద్ధి తక్కువ. అబ్బాయితో చెప్పు, ఎండలు ముదరకముందే గుంటూరు వెళ్దాం.”

శుక్లం ముదిరిందా లేదా అన్న ప్రసక్తే ఆ రోజు రాలేదు. నాకు మాత్రం ఆ తర్వాత నిద్ర పట్టలేదు. ఆ తూనీగను ఇంటికి తెచ్చింది నేను. ఆపరేషన్ అటూ ఇటూ అయితే అన్నగారి సంగతే అవుతుంది. ఆపరేషన్ రోజు ఆస్పత్రి వరండాలో బెంచీ మీద మా పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే అందరూ కళ్ళు మూసుకున్నారు, నేను తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను.

కన్ను దక్కింది. ఒక కన్నుకే చేశారు. ఇంటికొచ్చాక పథ్యం మొదలైంది. వంగకూడదు, దగ్గకూడదు, తలంటు లేదు, ఇంట్లో ఎండుమిరపకాయ పోపు వెయ్యకూడదు, అన్నిటికంటే ముఖ్యంగా కంటతడి పెట్టకూడదు. పోపు లేని పప్పు తిని మా ఇంటిల్లిపాదికీ నాలుక చచ్చిపోయింది. పుండు మానాక సోడాబుడ్డి కళ్ళద్దాలు ఇచ్చారు. వాటిలోంచి చూసి ఆయన మొట్టమొదట అన్న మాట, మీ అత్తయ్య ఏంటమ్మా ఇంత పెద్దదైపోయింది అని. ఆ తర్వాత నా చీర వైపు తిరిగి, ఆ నెమలికంఠం చీర కొత్తదా అన్నారు. అది నా పెళ్ళినాటి చీర. ఆయన ఎదుట వందసార్లు కట్టి ఉంటాను.

ఇక ఆయన కోరిక ఒక్కటే, బడికి వెళ్ళి చార్టు చూడాలని. నేను భయపడ్డట్టే అయింది. వేసవి సెలవులు దగ్గరపడ్డాయి, కాలవలు కట్టేశారు, గట్టున ఏమీ ఉండవు, ఎండ ఎక్కువ అని ఎన్ని చెప్పినా వినలేదు. పోనీ ఆయన వచ్చేలోపు ఆ కాగితం ముక్కలైనా పీకేద్దామని గోటితో గీకి చూశాను. తుమ్మబంక కదా, బొమ్మతో సహా ఊడొచ్చేట్టుంది. చార్టే తీసి బీరువాలో దాచేద్దామనుకుని, మళ్ళీ మనసొప్పక అలాగే ఉంచేశాను.

శనివారం ఒంటిపూట బడి. ఆయన ప్యాసింజరులో నాతోనే వచ్చారు, భుజాన రంగుల సంచీతో. పిల్లలు లేచి నమస్కారం పెట్టారు. ఆయన నేరుగా గోడ దగ్గరికి నడిచారు. ముందు కొత్త కన్ను మూసి పాత కంటితో చూశారు. తర్వాత పాత కన్ను మూసి కొత్త కంటితో చూశారు. అలా ఒకసారి ఇదీ ఒకసారి అదీ మూస్తూ ఒక్కో తూనీగ దగ్గరా ఆగారు. తర్వాత వేలితో నా కాగితం ముక్కల్ని తడిమారు. ఆడది. ఆడది. ఆడది. నేను కిటికీలోంచి బయటికి చూస్తున్నాను.

ఆ పిల్లకు మాత్రం ఇవేమీ పట్టలేదు.

“తాతగారూ, వీటి మొగుళ్ళేరండి? టీచరుగారు పొలం వెళ్ళారంటున్నారు.”

మావయ్యగారు ఆ పిల్లను చూశారు, నన్ను చూశారు. కళ్ళద్దాలు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు. కంటతడి పెట్టకూడదని డాక్టరు చెప్పిన గడువు అప్పటికి దాటిపోయింది, అదృష్టం. సంచీలోంచి రంగుల పెట్టె తీసి మూత తెరిచి, బిళ్ళ బిళ్ళనూ వెలుగులో పరీక్షగా చూసి, నీలం ఎక్కడుందో పట్టుకున్నారు. పాత చోట పెట్టలేదు. ఉన్నచోటే ఉండనిచ్చారు.

“వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు,” అన్నారు, నా వైపు తిరిగి. “అబద్ధాలు నువ్వాడేశావు కదమ్మా. ఆ పెళ్ళిళ్ళేవో నేను చేసేస్తాను. కాసిని నీళ్ళిప్పించు.”

ఆ పిల్లే పరిగెత్తి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది.