చూడకుండా సంతకం పెట్టని మనిషి

మా వీధి చివరింటి అంకుల్ పోయారు. పోయిన మంగళవారం పొద్దున నేను ఆఫీసుకు బయలుదేరి ఫ్రీవే ఎక్కబోతుండగా వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. "నాన్న లేరు. నిద్రలోనే..." అని ఆగిపోయింది. కారు పక్కకు తీసి ఆపాను. ఏడుపు రాలేదు. ఆయనకు చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గరే ఉండిపోయిందన్న సంగతి ముందు తట్టింది. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయనది నర్సీపట్నం. ఉద్యోగమంతా ఎక్సైజ్ శాఖలో, ఏజెన్సీ కొండల్లో గంజాయి పట్టుకోవడంలోనే గడిచింది. ఆంటీ పోయాక ఇండియా వదిలి కూతురి దగ్గరికి, మా పాయింట్ కుక్‌కి వచ్చేశారు. ఇస్త్రీ చొక్కా, జేబులో చిన్న నోటుపుస్తకం. ఏ కాగితమైనా చివరి అక్షరం దాకా చదవందే వదిలేవారు కాదు. ఒకసారి మా అమ్మాయి స్కూలు క్యాంపు ఫారం మీద నేను గబగబా సంతకం పెట్టబోతుంటే తీసుకుని చదివి, "పిల్లకి వేరుశెనగ పడదని రాయలేదేటమ్మా?" అన్నారు. నిజమే. ఆ గడి ఖాళీగా వదిలేశాను.

మా ఇళ్ళకు రెండు వీధుల అవతల చిన్న షాపుల వరస ఉంది. ఇండియన్ గ్రోసరీ, బేకరీ, పిల్లల ట్యూషన్ సెంటరు. ట్యూషన్ సెంటరు పక్కన చాలాకాలంగా ఖాళీగా ఉన్న షాపులో పోయినేడు ఒక ఫార్మసీ తెరిచారు. డాక్టరు రాసిచ్చిన వాళ్ళకు గంజాయితో చేసిన మందులు ఇచ్చే ఫార్మసీ. మా వాట్సాప్ గ్రూపు భగ్గుమంది. కౌన్సిల్‌కు ఫోన్ చేస్తే, మందుల షాపే కదా, దానికి వేరే అనుమతి అక్కర్లేదన్నారు. గ్రూపు నడిపేది నేనే. మా అమ్మాయికి పదిహేనేళ్ళు, వారంలో మూడు సాయంత్రాలు ఆ ట్యూషన్‌కే వెళ్తుంది. భయపడ్డాను. ఆ భయం ఉత్తుత్తిది కాదని ఇప్పటికీ అంటాను.

షాపు తీసేయించాలని అర్జీ రాసి, మొదటి సంతకం కోసం అంకుల్ దగ్గరికే వెళ్ళాను.

"మీరు జీవితమంతా గంజాయి పట్టుకున్నవారు. మీ సంతకానికి విలువుంటుంది అంకుల్."

ఆయన అర్జీ రెండుసార్లు చదివారు. "మత్తుకు బానిసలైనవాళ్ళు మన వీధుల్లో తిరుగుతున్నారని రాశావు. నువ్వు చూశావా అమ్మా?"

"తెరిచి వారమే కదా. రేపు తిరుగుతారు."

"అయితే రేపు చూసి చెప్తాను. కళ్ళతో చూడకుండా పంచనామా మీద ఏనాడూ సంతకం పెట్టలేదు నేను."

మర్నాటి నుంచి మూడు వారాలు, షాపు తెరిచింది మొదలు స్కూలు వదిలేదాకా, బేకరీ ముందున్న బల్ల మీద కూర్చున్నారు. ఎదురుగా ఒక టీ, ఒళ్ళో నోటుపుస్తకం. మాకందరికీ ధైర్యమొచ్చింది. ఆయన చూసి చెప్తే ఇక ఆ షాపు మిగలదనుకున్నాం.

శనివారం మధ్యాహ్నం కమ్యూనిటీ హాల్లో మీటింగు పెట్టాం. కుర్చీలు చాలక జనం గోడలకు ఆనుకుని నిలబడ్డారు. అంకుల్ లేచి పుస్తకం తెరిచారు.

"వచ్చేవాళ్ళలో చాలామంది నా వయసువాళ్ళే. ఒకాయనకి కీమో అవుతోందట, ఆయనే చెప్పారు. ఇంకో ఆవిడకి చేతులు వణుకుతాయి, సంచీ పట్టుకోలేరు. నేను కొండల్లో పట్టుకున్నదీ ఇదీ ఒకటే మొక్క. కానీ ఇక్కడ చేసే పని వేరు. ఇకపోతే, వెనక తలుపు పిల్లలు స్కూలు నుంచి నడిచొచ్చే దారిలోకి ఉంది. ఇద్దరు కుర్రాళ్ళు అక్కడ కాపు కాసి, బయటికొచ్చినవాళ్ళని ఆ మందు మాకమ్ముతారా అని అడగడం ఇంటికెళ్తూ రెండుసార్లు చూశాను. ఆ తలుపు మూయించమని అడుగుదాం. షాపు మూయించమని మాత్రం నేనడగను."

వెనకనుంచి ఎవరో, "మీ ఇంట్లో పిల్లలుంటే ఇలాగే మాట్లాడతారా?" అన్నారు.

"మా మనవరాలు ఆ దారినే నడుస్తాది. అందుకే తలుపు సంగతి చెప్తున్నాను."

"ఎక్సైజు వాళ్ళ సంగతి మాకు తెలియదా," అన్నారు మా పక్కింటాయన. కొందరు నవ్వారు. అంకుల్ పుస్తకం మూసి కూర్చున్నారు. మైకు నా చేతిలోనే ఉంది. నేను నోరు మెదపలేదు. ఇంటికొచ్చి ఆయన్ను గ్రూపులోంచి తీసేశాను. మరుసటి వారం నుంచి ఆయన వాకింగుకు ఒక్కరే వెళ్ళడం కనిపించేది.

రెండు వారాల తర్వాత, మా అర్జీకి కౌన్సిల్ నుంచి మళ్ళీ అదే జవాబు వచ్చిన రోజు, ఆ షాపు ఫొటో పెట్టి గ్రూపులో ఇలా రాశాను: "కాగితాలతో పనవదు. వీళ్ళకు అర్థమయ్యే భాషలో చెప్పాలి." బొటనవేళ్ళు వరసగా లేచాయి. సోమవారం పొద్దున షాపు అద్దం పగిలి ఉంది. రాయి వేసిందెవరో ఈనాటికీ తెలియదు. షాపు తెరవడానికి వచ్చిన అమ్మాయి గాజుపెంకులు ఎత్తుతుంటే అరచెయ్యి తెగి ఆరు కుట్లు పడ్డాయి. వరంగల్ అమ్మాయి. యూనివర్సిటీలో ఫార్మసీ చదువుకుంటూ అక్కడ పార్ట్‌టైమ్ చేస్తోంది.

మర్నాడు పదింటికి అంకుల్ మా గుమ్మంలో నిలబడ్డారు. కూర్చోమంటే కూర్చోలేదు. నా మెసేజ్ ఎవరో ఆయనకు చూపించారు.

"రాయి నువ్వు వెయ్యలేదమ్మా. చేతికందించావు."

నాకు ఒళ్ళు మండింది. "నేనూ ఒక తల్లిని అంకుల్. నా బిడ్డ కోసం భయపడకూడదా?"

"భయపడు. తప్పు లేదు. చూసి భయపడు." షాపు వైపు చెయ్యి చూపించి అన్నారు: "ఆ పిల్లకీ తల్లుంది. ఆవిడకి ఏటి చెప్పాలో తెలీక నిన్నటి నుంచి ఫోను ఎత్తట్లేదట. నాతో వస్తావేమోనని అడగడానికొచ్చాను."

స్కూలుకు సెలవు కాబట్టి మా అమ్మాయి ఇంట్లోనే ఉంది. మెట్ల మీద నిలబడి అంతా విన్నది. "మమ్, జస్ట్ గో," అంది.

వెళ్ళాను. షాపు అద్దం స్థానంలో చెక్కపలక కొట్టారు. లోపల కౌంటరు వెనక ఆ అమ్మాయి, చేతికి కట్టు. "ఆ మెసేజ్ రాసింది నేనే," అన్నాను.

ఆమె నన్ను గుర్తుపట్టింది. "మీ బిడ్డ పక్కన ట్యూషన్‌కి వస్తది గదా అక్కా. మొన్న వానల తడుస్తుంటే నేనే పిలిచి షాపుల కూసోబెట్టిన," అంది. తిట్టినా అంత నొచ్చుకునేదాన్ని కాదు. అంకుల్ తలుపు దగ్గరే నిలబడి ఉన్నారు, నేను వెనక్కి తిరిగి వెళ్ళిపోకుండా అడ్డంగానో, పడిపోతే పట్టుకోవడానికో.

ఆ మధ్యాహ్నమే గ్రూపులో జరిగింది జరిగినట్టు రాశాను. సగం మంది వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళం ఒక్క తలుపు గురించే కొత్త అర్జీ రాశాం. అంకుల్ రెండుసార్లు చదివి, కామా ఒకటి సరిచేసి, మొదటి సంతకం పెట్టారు. ఫార్మసీవాళ్ళు ఆ తలుపు మూసేశారు. ఇప్పుడు రాకపోకలన్నీ మెయిన్ రోడ్డు వైపునుంచే. ఆ కుర్రాళ్ళు మళ్ళీ కనిపించలేదు. షాపు ముందునుంచి వెళ్తుంటే నాకు ఇప్పటికీ కాస్త భయం వేస్తుంది. కాకపోతే ఇప్పుడు తల తిప్పి లోపలికి చూస్తాను.

ఆయన్ను మళ్ళీ గ్రూపులో చేర్చినప్పుడు, "ఇన్నాళ్ళూ ఫోను పాడయిందనుకున్నానమ్మా," అన్నారు. తీసేసింది నేనని ఆయనకు తెలుసు. నా పరువు కాపాడటానికి ఆడిన ఆ అబద్ధాన్ని నేనూ నిజమన్నట్టే ఊరుకున్నాను. క్షమించండి అంకుల్ అన్న మాట రేపు అందాం, ఎల్లుండి అందాం అనుకుంటూ ఆర్నెల్లు గడిపేశాను.

ఆయన పోవడానికి ముందురోజు మా వీధిలో చెత్తబండి వచ్చే రోజు. పడమటి గాలి విపరీతంగా వీచి, బండి వెళ్ళేసరికి అందరి బిన్నులూ రోడ్డుమీద దొర్లుతున్నాయి. కిటికీలోంచి చూస్తే అంకుల్ ఒక్కొక్కటే లేపి నిలబెట్టుకుంటూ వస్తున్నారు. మాది నిలబెట్టారు. ఆయనతో మాట్లాడటం మానేసిన మా పక్కింటాయనదీ నిలబెట్టారు. నాలుగడుగులు వేశారో లేదో అది మళ్ళీ పడింది. ఆయన వెనక్కి వచ్చి, దాన్ని లేపి, గాలికి వీపు పెట్టేలా తిప్పి, కంచెకు ఆనించి, ఇక పడదని నమ్మకం కుదిరేదాకా చెయ్యి తియ్యకుండా అక్కడే నిలబడ్డారు.