కంఠతా పట్టిన తొమ్మిది వ్యాసాలు

2009 ఆగస్టు 17, సోమవారం. అల్ఫారెట్టా అనే ఊళ్ళోని మా అమ్మాయి ఇంటి నుంచి నేను యూనివర్సిటీ క్లాసుకు మొదటిసారి వెళ్ళిన రోజు. అప్పటికి నాకు అరవై ఆరేళ్ళు నిండి నాలుగు నెలలు. క్లాసులో ఖాళీ ఉంటే పెద్ద వయసువాళ్ళకు ఫీజు లేకుండా సీటు ఇస్తారని మా అమ్మాయి ఎక్కడో చదివి అప్లికేషన్ పెట్టించింది. తను ఒక్క భాష చాలనుకుంది. నేను మూడు తీసుకున్నాను. సోమ, బుధవారాల్లో ఫ్రెంచి, స్పానిష్. మంగళ, గురువారాల్లో జర్మన్. ముప్ఫై నాలుగేళ్ళు జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని. మా బడి పిల్లలు ఆరు సబ్జెక్టులు చదివేవాళ్ళు, మూడు ఒక లెక్కా అనిపించింది.

అసలు కారణం వేరు. మా వారు పోయిన రెండేళ్ళకు నేను ఈ దేశం వచ్చాను. మా అమ్మాయి, అల్లుడు ఉదయం ఏడున్నరకు వెళితే సాయంత్రం ఆరుకు గాని రారు. పదిన్నర గంటలు. ఆ ఇంట్లో ఫ్రిజ్‌లో ఐసు ముక్కలు తమంతట తామే పడతాయి. ఆ చప్పుడుకు నేను లేచి నిలబడేదాన్ని. డోర్‌బెల్ మోగితే మెట్ల కింద అరలోకి వెళ్ళి, పార్సిల్ వ్యాను కదిలిన చప్పుడు వినిపించేదాకా అక్కడే కూర్చునేదాన్ని. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. యూనివర్సిటీలో సీటు వచ్చాక వారంలో నాలుగు రోజులు ఆ పదిన్నర గంటలు తప్పాయి. నాకు ఆ సీటు విలువ అది.

నాకు తెలిసిన చదువు ఒకటే పద్ధతి. పబ్లిక్ లైబ్రరీ నుంచి మూడు భాషల మోడల్ వ్యాసాల పుస్తకాలు తెచ్చాను. భాషకు మూడు చొప్పున తొమ్మిది వ్యాసాలు ఎంచుకున్నాను. ఒక్కోటి చూసి ఇరవై ఒక్కసార్లు రాయడం, తర్వాత చూడకుండా మూడుసార్లు. ప్రతిసారీ నోట్‌బుక్ మార్జిన్‌లో తేదీ. తొమ్మిదింటికీ కలిపి రెండు వందల పదహారు. సాయంత్రం వాకింగ్‌లో పెదవులు మాత్రం కదుపుతూ వల్లె వేసుకునేదాన్ని. పొరుగింటావిడ కరీంనగర్ నుంచి కొడుకు దగ్గరికి వచ్చి ఉంటోంది, నాతోపాటు నడిచేది. మొదటి నాలుగు రోజులు నన్ను కదిలించలేదు. ఐదో రోజు అడిగింది.

"ఏ స్తోత్రం టీచరమ్మా అది? ఒక్క ముక్క సమజైతలేదు."

"స్తోత్రం కాదండి. ఫ్రెంచి."

"అగో. ఇన్ని దినాల సంది దేవునికి దండం పెట్టుకుంట మీ ఎనక నడుస్తున్న గదా నేను."

అక్టోబర్ 5న ఫ్రెంచి పరీక్ష. నీలి అట్ట వేసిన పల్చటి ఆన్సర్ బుక్ ఇచ్చారు. చివరి ప్రశ్న, మీ కుటుంబం గురించి రాయండి. నా మొదటి వ్యాసమే అది. నూట నలభై ఎనిమిది మాటలు, గడియారం చూసి పదమూడు నిమిషాల్లో రాసేశాను. అందులో నాకొక అన్నయ్య, సరస్సు పక్కన ఇల్లు, ఒక నల్ల పిల్లి, ఆదివారాలు చెర్రీపళ్ళు కోసే తాతయ్య ఉన్నారు. నిజానికి నాకు అన్నదమ్ములు లేరు. ఆ ఆలోచనే రాలేదు. బళ్ళో ఆవు వ్యాసం రాసిన పిల్లలందరి ఇళ్ళలోనూ ఆవులున్నాయా?

14వ తేదీ బుధవారం క్లాసు అయ్యాక ఫ్రెంచి టీచరు నన్ను ఆగమంది. ఆవిడ సెనెగల్ నుంచి వచ్చిన మనిషి, మా అమ్మాయి కంటే చిన్నది, నెమ్మదిగా మాట్లాడుతుంది. నా ఆన్సర్ బుక్ పక్కన కంప్యూటర్ నుంచి తీసిన ప్రింటు ఒకటి పెట్టింది. రెండూ ఒకటే.

"ఇది మీదేనా?" ఇంగ్లీషులో అడిగింది.

"నేనే రాశాను."

"రాసింది మీరే. వాక్యాలు ఎవరివి?"

"పుస్తకంలోవి. కంఠతా పట్టాను," అన్నాను కాస్త గర్వంగానే. మెచ్చుకుంటుందేమోనని ముఖంలోకి చూశాను. ఆవిడ ఒక కవరు నా చేతికిచ్చింది.

చదువులో నిజాయితీ తప్పినవాళ్ళను విచారించే కమిటీ ఒకటి ఉందట. 22వ తేదీ గురువారం పదిన్నరకు దాని ముందు హాజరు కావాలి. తప్పు రుజువైతే ఏం చేస్తారో కింద మూడు వరుసల్లో రాసి ఉంది. మూడో వరుసలో, యూనివర్సిటీ నుంచి తొలగింపు.

నా సర్వీసులో పరీక్ష హాల్లో స్లిప్పులతో దొరికిన నలుగురిని డిబార్ చేయించాను. నలుగురూ ఆడపిల్లలే. ఒకమ్మాయి జడలోంచి స్లిప్పు తీసినప్పుడు ఆ పిల్ల నిలబడ్డచోటే నేల తడిసింది. నేను చేసిందల్లా కిటికీ తెరిపించి, తర్వాతి బెంచీకి వెళ్ళడం. ఆ ఎనిమిది రోజులూ ఆ పిల్లే కళ్ళముందు ఉంది. పేరు గుర్తు రాలేదు. హాల్ టికెట్ నంబరు చివరి మూడంకెలు వచ్చాయి, 417.

చూసి రాయడం కాపీ అని నాకు తెలుసు. నేను చూసి రాయలేదు. ఈ వాదన రోజుకు వందసార్లు నాకు నేనే చెప్పుకున్నాను. ప్రతిసారీ ఒకచోట ఆగిపోయేది. మార్కులు వేసిన టీచర్లు ఆ వాక్యాలు నావేనని నమ్మారు కదా? దొరికింది ఫ్రెంచిలో రాసినదొక్కటే. స్పానిష్‌లో రెండు, జర్మన్‌లో ఒకటి అప్పటికే అలాగే రాసి మార్కులు తెచ్చుకున్నాను.

వాకింగ్‌లో ఊరికే అడిగినట్టు పొరుగింటావిడను అడిగాను.

"కాలేజీలో తప్పు చేస్తే ఇక్కడేం చేస్తారండి?"

"మా అల్లుని దోస్తు కొడుకు కంప్యూటర్ల కెల్లి ఎత్తి రాసిండని సస్పెండ్ చేసిన్రట. వీసా గూడ పాయె. పిలగాడు వాపస్ పోయిండు."

"గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకో?"

"ఏమో టీచరమ్మా. పేపర్ల మీద మచ్చ పడ్డదంటే పడ్డదే." నాలుగడుగులు నడిచి నా వైపు తిరిగింది. "మీకెందుకు? మీరేమన్న చిన్నపోరగాళ్ళా కాపీ కొట్ట?"

నేను నవ్వాను. ఇంటికి వచ్చి సొరుగులోంచి గ్రీన్ కార్డు తీసి, తేదీలు చూసి, మళ్ళీ పెట్టేశాను. ఆ వారంలో అలా ఎన్నిసార్లు చూశానో లెక్కపెట్టలేదు. నా జీవితంలో లెక్కపెట్టనిది బహుశా అదొక్కటే.

గురువారం జర్మన్ క్లాసు మానేసి, పది గంటలకే ఆ గది బయట కూర్చున్నాను. లోపల ముగ్గురు. తల నెరిసిన ఒక ప్రొఫెసరు, టైపు చేసే ఒక ఆఫీసావిడ, విద్యార్థుల తరఫున ఒక అమ్మాయి. ఫ్రెంచి టీచరు పక్కగా కూర్చుంది. నోట్‌బుక్ తెరిచి తేదీలు చూపించాను. ప్రొఫెసరు పేజీలు తిప్పి, "ఇది ఇప్పుడు చెప్పగలరా?" అని అడిగాడు.

చెప్పాను. నూట నలభై ఎనిమిది మాటలూ. ఆయన ప్రింటు మీద వేలు పెట్టి వెంట చదివాడు. చివరిదాకా ఆ వేలు ఎక్కడా ఆగలేదు. ఆ అమ్మాయి నోరు తెరిచి చూస్తోంది. ఫ్రెంచి టీచరు చేతులకేసి చూసుకుంటోంది.

"దాచి తెచ్చింది కాదని ఒప్పుకుంటాం," అన్నాడు ప్రొఫెసరు. "కాని ఇది ఇంకొకరి రాత. మీదని చెప్పి ఇచ్చారు. మీ దేశంలో పద్ధతి వేరని అర్థమైంది. ఇలా రాయడం ఈ ఒక్కసారేనా?"

అవునంటే సరిపోయేది. వాళ్ళ దగ్గర ఉన్నది ఆ ఒక్క కాగితమే. అవునందామనే నోరు తెరిచాను.

"నాలుగు," అన్నాను. "ఫ్రెంచిలో ఒకటి. స్పానిష్‌లో రెండు, సెప్టెంబర్ 16న, అక్టోబర్ 7న. జర్మన్‌లో ఒకటి, సెప్టెంబర్ 29న."

టైపు చప్పుడు ఆగింది. ప్రొఫెసరు కళ్ళజోడు తీశాడు. ఉత్తరం పంపుతాం, వెళ్ళవచ్చు అన్నాడు.

ఆ సాయంత్రం కార్లో మా అమ్మాయికి చెప్పేశాను. తను సిగ్నల్ దగ్గర ఆగి, పచ్చలైటు వచ్చినా కదలలేదు. వెనక కారు హారన్ కొట్టింది.

"ఎనిమిది రోజులు నాకు చెప్పకుండా ఉన్నావా?"

"నీకు ప్రాజెక్ట్ రిలీజ్ ఉందన్నావుగా."

"రిలీజ్ పోతే పోనీ అమ్మా. మిగతా మూడు ఎందుకు చెప్పావు, వాళ్ళు అడగలేదుగా?"

"అడిగారే."

"అది అడగడమా? నేను ఇంజినీరింగ్ నాలుగేళ్ళూ బట్టీ కొట్టే పాసయ్యాను. నన్నూ పట్టివ్వు." మళ్ళీ మెల్లగా అంది, "తీసేస్తే తీసేస్తారు. ఇంట్లో హాయిగా ఉందువుగాని."

ఆ మాటకే నాకు చెమట పట్టింది.

27వ తేదీ మంగళవారం ఉత్తరం వచ్చింది. సీటు ఉంది. నాలుగు పేపర్లకూ సున్నా. మూడు భాషల్లోనూ నా కుటుంబం గురించి టీచరు ఎదుట కూర్చుని కొత్తగా రాయాలి. ఇంకొకరి వాక్యం మళ్ళీ కనబడితే తొలగింపు.

సంతోషం ఆ పూట కూడా నిలవలేదు. ఆ వాక్యాలు నాలోంచి పోవు. ఇరవై నాలుగుసార్లు రాసినవి ఎలా పోతాయి? పెన్ను పట్టుకుంటే వాటంతట అవే వస్తాయి. వచ్చినది నాదో పుస్తకానిదో నాకే తెలియకపోతే? మరిచిపోవడం ఎలాగో నాకు ఎవరూ నేర్పలేదు, నేనూ ఎవరికీ నేర్పలేదు.

నవంబర్ 4న ఫ్రెంచి టీచరు గదిలో కూర్చున్నాను. మొదటి వాక్యానికే అన్నయ్య వచ్చాడు. కొట్టేశాను. పిల్లి వచ్చింది. కొట్టేశాను. పది నిమిషాలకు కాగితం మీద మూడు కొట్టివేతలు, చేతి చెమటకు మెత్తబడిన ఒక అంచు. చివరికి ఒకటి తోచింది. ఆ వ్యాసాల్లో లేనిది ఏదైనా సరే, అది నాదే అయి ఉంటుంది. మా వారు పోయారని రాద్దామనుకున్నాను. ఆ మాట నాకు రాదు. తొమ్మిది వ్యాసాల్లో ఎక్కడా ఎవరూ పోలేదు.

"ఒక్క మాట అడగవచ్చా?" అన్నాను.

"ఏ మాట?"

ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ ఆ మాటను ఫ్రెంచిలో రెండుసార్లు, నెమ్మదిగా చెప్పింది. రాశాను. మొత్తం ఏడు వాక్యాలు, అయిదు తప్పులు. వందకు యాభై ఎనిమిది మార్కులు.

మర్నాడు జర్మన్‌లో అదే మాట అడిగాను. సోమవారం స్పానిష్‌లో అడిగాను. స్పానిష్ టీచరు ఆ మాట చెప్పి, ఎన్నేళ్ళయింది అని స్పానిష్‌లోనే అడిగాడు. అంకెలు నాకు వచ్చు, నాలుగు అన్నాను. మీ వారు ఎలాంటి మనిషి అని అడిగాడు. దానికి నా దగ్గర తయారుగా ఏమీ లేదు. టీచరు వేచి చూస్తున్నాడు. నేను ఒక మాట చెప్పి, ఆగి, రెండో మాట కోసం వెతుక్కున్నాను.