మంచిగనే ఉన్నానన్న పిల్ల

అమీర్‌పేటలో బస్సెక్కితే, పక్క సీటులో మెడకు ఆఫీసు కార్డు తగిలించుకున్న పిల్ల ఫోన్ కెమెరాకేసి నవ్వుతోంది. కళ్ళ నిండా నీళ్ళు.

“ఏమైంది బిడ్డా?” అన్నాను.

ఫోన్ మ్యూట్‌లో పెట్టి, నవ్వు చెదరకుండా చెప్పింది. “టెన్షన్ ఎట్ల తగ్గించుకోవాల్నో ఆఫీసోళ్ళ క్లాసమ్మా. మొఖం కనపడకుంటే అటెండెన్స్ పడదు.”

“మరి నీ టెన్షనేందో గాళ్ళకే చెప్పరాదూ?”

“పోయినసారి చెప్పినామెను జాబ్‌లకెళ్ళి తీసేసిన్రు.”

కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చమంది ఫోన్‌లో గొంతు. పిల్ల కళ్ళు మూయగానే నీళ్ళు జారాయి. కొంగుతో తుడవబోయాను. క్లాసులో అందరికీ కనపడుతుందని నా చెయ్యి మెల్లగా పక్కకు నెట్టింది.

పంజాగుట్టలో లేస్తూ, “ఫికర్ చెయ్యకమ్మా, మంచిగనే ఉన్న” అంది.

మా ఆయన ప్రాణం తీసుకున్న రోజు పొద్దున ఆ మాటే అన్నాడు. నమ్మాను. ఈ పిల్లను నమ్మలేదు. అయినా మోకాళ్ళు పక్కకు తిప్పి, దిగడానికి దారిచ్చాను.