రొయ్యల చెరువు మీద యుద్ధ విమానం

ఆ రోజుల్లో నాకు ఇరవై మూడేళ్ళు. చేతిలో సుద్దముక్క ఉంటే చాలు, లోకంలో నాకు తెలియనిదేమీ లేదనిపించేది. రాజోలులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాణ్ణి. (ఇప్పుడూ అదే చెబుతున్నాను. సుద్దముక్క పోయి మార్కరు వచ్చింది, ధైర్యం కాస్త తగ్గింది.) ఒకరోజు విమానం రెక్క మీద గాలి ఎలా పనిచేస్తుందో బోర్డు నిండా బాణాలు గీసి వివరించాను. రెండో బెంచీలో ఒక అమ్మాయి ఉండేది. ఏం చెప్పినా "ఎందుకండి?" అని అడిగేది కాబట్టి స్టాఫ్ రూములో ఆమెను 'ఎందుకండి' అనే పిలుచుకునేవాళ్ళం. ఆమె లేచి, "రిమోటు విమానాలుంటాయి కదండి, మీరెప్పుడైనా ఎగరేసేరాండి?" అంది. నేను "ఆయ్" అన్నాను. ఎందుకన్నానో ఈనాటికీ తెలియదు. అయితే మాకూ చూపించమని క్లాసు మొత్తం ఒక్క గొంతుతో అడిగింది. మా ఇంట్లో విమానాలు వరసగా పేర్చి ఉన్నట్టు, వచ్చే నెల రెండో ఆదివారం రమ్మన్నాను. ఆ ఒక్కటీ అబద్ధమని తేలితే నేను గీసిన బాణాలన్నీ అబద్ధాలే అనుకుంటారని నా భయం. మేష్టారికి మాట పోయాక ఇంకేం మిగులుతుంది!

అప్పట్లో నేను మా అక్క ఇంట్లో ఉండేవాణ్ణి. వారం రోజులు కూర్చుని ఫోన్లో వీడియోలు చూశాను. అందరూ ఒకటే మాట. మొదటిసారి కొనేవాళ్ళు రెక్క నెత్తిన ఉన్నది కొనాలి, తేలికగా ఉండాలి, నెమ్మదిగా పోవాలి, చేతులు వదిలేసినా తనంతట తానే సర్దుకోవాలి. ఫోను చేస్తే సిటీలో షాపాయన కూడా అదే చెప్పి, మీకిదే మొదటిదా అని అడిగారు. నాక్కాదండి, తెలిసినవాళ్ళ కోసం అన్నాను. (ఒక అబద్ధానికి తోడుగా రెండోది ఎంత సులువుగా వస్తుందో!) కొనేముందు మా బావగారికి బొమ్మ చూపించాను. ఆయనకు రొయ్యల చెరువులున్నాయి. ఫోను దూరంగా పెట్టుకుని చాలాసేపు చూసి, దేంతో చేస్తారని అడిగారు. థర్మోకోల్ లాంటిదేనండి అన్నాను.

"రొయ్యలు పంపే థర్మోకోల్ పెట్టెలు మన షెడ్డులో నలభై ఉన్నాయి బావా. వాటికి రెక్కలు కట్టి ఎగరేస్తే చూసేవాళ్ళేమనుకుంటారు?" అన్నారు.

నిజమే కదా అనిపించింది. వంటింట్లోంచి అక్క, నడపడం రానివాడు నెమ్మదిగా పోయేదే కొనుక్కోవచ్చు కదా అంది. ఆ రోజు మా ఇంట్లో ఎవరైనా తెలివైన మాట అన్నారంటే అదొక్కటే. ఇద్దరం విననట్టు ఊరుకున్నాం. చివరికి నేను తెప్పించింది పాతకాలపు యుద్ధ విమానం నమూనా. రెక్కలు కింద, ముక్కు మీద గీసిన సొరచేప పళ్ళు, వేగం చెప్పక్కర్లేదు. అదీ థర్మోకోల్ లాంటి దాంతో చేసిందే. పైన రంగు వేసి ఉండటంతో బావగారికి ఆ సంగతి చెప్పలేదు.

ఇక స్థలం. మా వైపు ఎటు చూసినా కొబ్బరి చెట్లే కాబట్టి, రొయ్యల పట్టుబడి అయిపోయి ఎండబెట్టిన తన చెరువునే బావగారు ఇచ్చారు. బల్లపరుపు నేల, దగ్గర్లో ఒక్క చెట్టు లేదు. నేను రెండుసార్లు వెళ్ళి చూసుకున్నాను. జేబురుమాలు పైకెత్తి గాలి ఎటు వీస్తోందో కూడా పరీక్షించాను. అయినా ఒక్కటి చూడలేదు. కొంగలూ నీటికాకులూ రొయ్యల మీద వాలకుండా ఈ గట్టు నుంచి ఆ గట్టుకి వరసగా నైలాను తాళ్ళు కట్టి ఉంటాయి. బయటి ఊరి మనిషికైతే ముందు అవే కనిపిస్తాయి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ వాటి కిందే తిరుగుతున్న మా కళ్ళు మాత్రం వాటిని చూడటం ఎప్పుడో మానేశాయి. అంతెందుకు, ఆ చెరువుకి వాటిని కట్టించింది బావగారే.

ఆదివారం పొద్దున్నే క్లాసు మొత్తం వచ్చి గట్టు మీద కూర్చుంది. నేల నెర్రెలిచ్చి ఉండటంతో చక్రాల మీద పరిగెత్తించడం కుదరదని, బావగారే విమానాన్ని వల విసిరినట్టు విసిరారు. నేను రిమోటు పట్టుకుని పైకి లాగాను. ఎగిరింది! నాలుగు సెకన్లు. ఆ నాలుగు సెకన్లూ బోర్డు మీద నేను గీసిన బాణాలన్నీ నిజమయ్యాయి, నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. ఆపైన అది గాల్లో నిలబడిపోయింది. ఒక రెక్క అటు, ఒక రెక్క ఇటు, ముక్కు మాత్రం పళ్ళు బయటపెట్టుకుని నా కాళ్ళ దగ్గర పడింది.

బావగారు తలెత్తి ఊగుతున్న తాడు వైపు చూసి, "తాడు బాగానే పనిచేస్తోంది బావా," అన్నారు. ఆయన గొంతులో తృప్తి వినిపించింది.

ఎవరూ నవ్వలేదు. గోదావరి వాళ్ళం, మర్యాద ఎక్కువ. 'ఎందుకండి' ఒక రెక్క తీసుకొచ్చి నా చేతికిచ్చింది. ఏదో అడుగుతుందని ఎదురుచూశాను. అడగలేదు. అడిగి ఉంటే ఇంకో అబద్ధం చెప్పేవాణ్ణే. అడగకపోయేసరికి నాకు తప్పించుకునే దారి లేకపోయింది.

"ఇదే నాకు మొదటిసారి," అన్నాను.

"తెలుసండి," అంది. "ఆ రోజు మీరు ఆయ్ అన్నప్పుడే తెలిసిందండి. అందుకే అందరం వచ్చేం."

నవ్వడానికా, తోడుండటానికా అని నేను అడగలేదు. పిల్లలు నలుగురు నాలుగు ముక్కలు పట్టుకుని షెడ్డు దాకా మోసుకొచ్చారు. సోమవారం ఏమంటారో అనుకుంటూనే క్లాసుకి వెళ్ళాను. అందరూ పుస్తకాలు తెరిచి కూర్చున్నారు, ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

తర్వాత రెక్క నెత్తిన ఉన్నదే కొన్నాను, నేర్చుకున్నాను కూడా. ఇప్పుడు క్లాసులో ఎవరైనా మీరిది చేసి చూసేరాండి అని అడిగితే, చెయ్యకపోతే లేదనే చెబుతాను. పిల్లలు తలూపి నోట్సు రాసుకుంటారు. ఆదివారం పొద్దున్న గట్టు మీదికి ఎవరూ రారు. అప్పుడప్పుడు, ఆ ఇరవై మూడేళ్ళ అబద్ధాలకోరు మీద నాకు కాస్త అసూయగా ఉంటుంది.